మూతల టీచరు కూతురు

ఆ వీధుల్లో పిల్లలు ఆమెని మూతల టీచరు అనేవాళ్లు. నిజానికి ఆమె టీచరు కాదు. చిన్నపిల్లల చదువుల మీద పనిచేసే ఒక సంస్థలో సర్వే ఉద్యోగం ఆమెది. భుజాన గుడ్డ సంచీ, అందులో ఇరవై ఎర్ర సీసా మూతలు, ఒక స్టీలు గిన్నె, క్లిప్పు అట్టకి పెట్టిన కాగితాలు. నాలుగేళ్ల నించి ఆరేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లకి వెళ్లి, గుమ్మంలోనో వంటగది మూలనో నేల మీద కూర్చుని, మూతలు పరిచి, "ఈ గిన్నెలో మూడు వెయ్యి నాన్నా" అని అడగాలి. మూడు వేస్తే అయిదు అడగాలి. అయిదు వేస్తే ఎనిమిది. ఆ తర్వాత కొన్ని మూతలు వరసగా పెట్టి లెక్కపెట్టమనాలి. పిల్ల లెక్కపెట్టడం అయ్యాక, "మొత్తం ఎన్ని?" అనాలి. పది నిమిషాల పని.

అడగడం ఎవరికైనా వస్తుంది. కష్టమంతా మొహంతోనే. పిల్లలు మూతలకంటే ముందు మన మొహం చూస్తారని శిక్షణలో చెప్పారు. చెయ్యి తప్పు వైపు వెళ్తున్నప్పుడు మన కనుబొమ్మ కాస్త కదిలినా చాలు, ఆ చెయ్యి ఆగిపోతుంది. ఇక ఆ జవాబు వాళ్లది కాదు, మనది. అందుకని జవాబు ఒప్పయినా తప్పయినా నవ్వకూడదు, మొహం చిట్లించకూడదు, "సరే, ఇంకోటి అడుగుతాను" అన్న ఒక్క మాట తప్ప ఇంకేం అనకూడదు. కొత్తగా చేరినవాళ్లు నెల తిరిగినా తల ఊపేస్తూనే ఉండేవాళ్లు. ఆమెకి మాత్రం మూడో రోజుకే పట్టుబడింది. వెంట వచ్చి చూసిన సూపర్‌వైజరు, "మీ మొహం సున్నం వేసిన గోడలా ఉందమ్మా, ఎక్కడా ఒక్క గీత కనపడదు" అని మెచ్చుకుంది. ఆమె కూడా దాన్ని మెప్పుగానే తీసుకుంది.

ఆమె భర్త బస్టాండులో అనౌన్సరు. గాజు గదిలో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎన్నింటికి ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో కాగితం చూడకుండా చెప్పేవాడు. గొంతు గుండ్రంగా, తడబాటు లేకుండా ఉండేది. ఇంట్లో ఉప్పు అందించమని అడిగినా ఎవరో ప్రయాణికుల్ని పిలుస్తున్నట్టే ఉండేది.

వాళ్లకి ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడేంత ఉందని మేనత్త పిట్ట అంది. ఆ పిలుపే నిలిచిపోయింది. అసలు పేరు టీకాల కార్డు మీద ఉండిపోయింది. ఈ కథ జరిగేనాటికి పిట్టకి అయిదో ఏడు నడుస్తోంది.

పిట్టకి వంద దాకా అంకెలు వచ్చు. తండ్రే నేర్పాడు. ఉదయం జడ వేయించుకుంటున్నప్పుడూ, సాయంత్రం చెప్పులు విప్పుతున్నప్పుడూ, తన బస్సుల బాణీలోనే చెప్పించేవాడు. ఎవరైనా ఇంటికొస్తే మంచినీళ్లు ఇచ్చేలోపే, "పిట్టా, వందకి బయల్దేరమ్మా" అనేవాడు. పిట్ట చేతులు వెనక్కి కట్టుకుని బయల్దేరేది. చాలామంది పిల్లల బండి ఇరవై తొమ్మిది దగ్గర ఆగుతుంది, ఆపైన ఇరవై పది అంటారు. పిట్ట ఎక్కడా ఆగేది కాదు. వంద చేరాక తండ్రి మొహం చూసేది. ఆ మొహం అప్పటికే వెలిగిపోతూ ఉండేది. వచ్చినవాళ్లు పిల్ల బుగ్గ గిల్లి, తల్లి పోలికా తండ్రి పోలికా అని అడిగేవాళ్లు. గొంతు నాది, తెలివి వాళ్లమ్మది అనేవాడు.

వల్లె వెయ్యడం వేరు, లెక్క తెలియడం వేరు అని ఆమెకి తెలియంది కాదు. రోజూ చూస్తున్నదే. యాభై దాకా గడగడా చెప్పే పిల్లలు మూడు మూతలు వెయ్యమంటే గుప్పెడు పోసేస్తారు. తన కూతుర్ని మాత్రం ఆమె ఎన్నడూ అడగలేదు. ఇంటికొచ్చాక కూడా ఆ పనేనా అనుకునేది. అది బద్ధకం కాదని, భయమని చాలా కాలం తర్వాత ఒప్పుకుంది.

పగలు పిట్ట మేనత్త దగ్గర ఉండేది. అనౌన్సరు అక్క అదే వీధిలో అయిదిళ్ల అవతల ఒక్కతే ఉంటూ, ఒక దుకాణానికి స్కూలు యూనిఫారాలు కుట్టి ఇచ్చేది. మాట కరుకు మనిషి. ఎడమ కంటికి శుక్లాల ఆపరేషన్ అయినా చూపు సరిగ్గా రాలేదు. కుడి కంటికి ఇంకా కావాలి. ఒకరోజు ఆవిడకి జ్వరం వచ్చింది. భర్తకి డ్యూటీ. వేరే దారిలేక మూతల టీచరు పిట్టని వెంటబెట్టుకుని సర్వేకి వెళ్లింది.

ఆ రోజు రెండో ఇల్లు ఒక పెయింటర్‌ది. ఇంటి నిండా టర్పెంటైన్ వాసన. పెయింటర్ కూతురు పిట్టకంటే ఆరు నెలలు పెద్దదై ఉంటుంది. మూడు వెయ్యమంటే నాలుగు వేసింది. అయిదు అంటే ఉన్నవన్నీ వేసింది. వేసిన ప్రతిసారీ తలెత్తి మూతల టీచరు కళ్లలోకి చూసింది. "సరే, ఇంకోటి అడుగుతాను" అంది ఆమె. నాలుగోసారికి ఆ పిల్ల కింది పెదవి వణికింది. పిట్ట తలుపు పక్కన కూర్చుని, ఇచ్చిన బిస్కట్టు కొరకడం మానేసి అదంతా చూసింది.

దారిలో పిట్ట అడిగింది, ఆ అమ్మాయి తప్పు చెప్పిందా అని. అది మనం చెప్పకూడదమ్మా అంది తల్లి. మరి నువ్వు కాగితం మీద ఏం రాశావు అని అడిగింది. ఆ అమ్మాయి ఎన్ని వేసిందో రాశాను అంది. ఆ పూటంతా పిట్ట తల్లి చెయ్యి పట్టుకోకుండా సంచీ తాడు పట్టుకుని నడిచింది.

ఆ వారం ఆమెకి నిద్ర సరిగ్గా పట్టలేదు. పెయింటర్ కూతురు వేసిన నాలుగో మూత కళ్లముందు ఆడుతూనే ఉంది. ఆదివారం వచ్చింది. భర్త పొద్దుటి డ్యూటీకి వెళ్లాడు. ఆమె వంటగది నేల తుడిచి, ఆరాక, పిట్టని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. మూతలు తియ్యడానికి మనసొప్పక సొరుగులోంచి చెంచాలు తీసింది. పన్నెండు చెంచాలు. మధ్యలో ఒక పళ్లెం పెట్టింది.

ఆటలా మొదలుపెడదామనే అనుకుంది. కానీ నోరు తెరిచేసరికి అలవాటైన మాటే వచ్చింది. "ఈ పళ్లెంలో మూడు వెయ్యి నాన్నా."

పిట్ట రెండు చేతులతో చెంచాలు ఎత్తి పళ్లెంలో పోసింది. ఏడో ఎనిమిదో ఉన్నాయి. తలెత్తింది.

ఆమె అయిదు అడగకుండా రెండు అడిగింది. పిట్ట మళ్లీ గుప్పెడు వేసింది. వరసగా పెట్టి లెక్కపెట్టమంటే పిట్ట మొహం వికసించింది, అది తనకి వచ్చు గనక. ఆరు చెంచాల మీద వేలు ఎక్కడెక్కడో తిప్పుతూ బస్సుల బాణీలో పదిహేడు దాకా వెళ్లిపోయింది. "మొత్తం ఎన్నమ్మా?" అంటే మళ్లీ ఒకటి నించి బయల్దేరింది. మళ్లీ అడిగితే వంద అంది. అది కూడా కాదేమో అన్నట్టు తల్లి కళ్లలోకి చూసింది.

"సరే, ఇంకోటి అడుగుతాను" అంది ఆమె.

అన్నాక గానీ ఆ మాట తన చెవిన పడలేదు. పిట్ట చేతిలో చెంచా కింద పెట్టేసింది. "నన్ను కూడా రాస్తావా అమ్మా?" అని అడిగింది.

రాయను అంది. పిట్ట ఆడుకోడానికి వెళ్లాక, క్లిప్పు అట్ట తీసి రాసింది. రాస్తే మనసు కుదుటపడుతుందనుకుంది. పేరు రాయలేదు. సర్వేలో ప్రతి పిల్లకీ ఒక నంబరు ఉంటుంది. ఈ కాగితం మీద రెండు సున్నాలు పెట్టింది. గళ్లన్నీ నింపింది. చివరి గడిలో రిమార్కు కూడా రాసింది. మడిచి సంచీలో అడుగున పెట్టింది.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందంటారు. అయిదేళ్లు నిండేలోపు ఇలా తికమకపడి, తర్వాత వాటంతటవే సర్దుకునే పిల్లలు బోలెడంతమంది ఉంటారు. ఆ సంగతి పెయింటర్ భార్యకి ఆమే చెప్పి వచ్చింది. పిల్లని కంగారుపెట్టకండి, పనుల్లో కలుపుకోండి, మెట్లెక్కుతూ లెక్కపెట్టండి, మేజోళ్లు జతలు కట్టించండి, పళ్లాలు తనచేత పెట్టించండి అని సంస్థ అచ్చువేసిన కాగితం కూడా చేతిలో పెట్టి వచ్చింది.

మర్నాటి నించి ఆ కాగితంలో ఉన్నవన్నీ ఇంట్లో మొదలుపెట్టింది. మెట్లు ఎక్కేటప్పుడు ఒక్కో మెట్టుకీ ఒక్కో అంకె. బట్టలు మడతపెట్టేటప్పుడు మేజోళ్లు. రాత్రి భోజనానికి ఎన్ని పళ్లాలు కావాలి అని. ఒక్కటీ చెడ్డపని కాదు. చెడిందల్లా ఆమె కళ్లు. పళ్లాలు తెమ్మని పిల్ల చేతులకేసే చూసేది. రెండు తెస్తే ఊపిరి బిగబట్టేది. మూడు తెస్తే పట్టలేక ముద్దులు కురిపించేది. పిట్ట తెలివైనది. ఏ అంకె దగ్గర అమ్మ ఊపిరి ఆగుతుందో పట్టేసింది. మెట్ల మీద ఒక్కో అంకె అంటూ మెట్టు చూడ్డం మానేసి పక్కకి తిరిగి తల్లి గడ్డం చూసేది. ఒకసారి అలా చూస్తూ అడుగు తప్పి మోకాలు కొట్టుకుంది.

మోకాలికి మందు రాస్తుంటే అడిగింది, "మెట్లు కూడా పరీక్షేనా?"

తల్లి కాదంది. పిట్ట నమ్మలేదు. ఆ తర్వాత పళ్లాలు తెమ్మంటే కడుపునొప్పి అనేది. మేజోళ్ల బుట్ట కనపడితే మంచం కిందకి దూరేది. ఆమె మానలేదు. మానితే ఉన్నది కూడా పోతుందనిపించింది.

అనౌన్సరు ఒకరోజు పెన్ను కోసం ఆమె సంచీలో చెయ్యి పెడితే ఆ కాగితం బయటికి వచ్చింది. మూడు వారాలైంది అప్పటికి. ఆమె వంటగదిలోంచి వచ్చేసరికి అతను కుర్చీలో నిటారుగా కూర్చుని చదువుతున్నాడు. అరవలేదు. చివరి గడిలో ఉన్నది పైకి చదివాడు, ఏ బస్సు ఆలస్యమో చెప్పేటప్పటి గొంతుతో. "వల్లె వేస్తుంది. సంఖ్య తెలియదు. జవాబు కోసం ఎదుటివారి మొహం చూస్తుంది."

ఎవరి పిల్ల ఇది అని అడిగాడు. ఆమె కాగితం కోసం చెయ్యి చాపితే ఇవ్వలేదు. రెండు సున్నాలకేసి చూస్తూ, నా కూతురికి నంబరిచ్చావా అన్నాడు.

అప్పుడు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆమె తన వృత్తి మాటల్లో చెప్పబోయింది. అంకెల పేర్లు తెలియడం పాట తెలియడం లాంటిదనీ, మూడు అనే మాటకి మూడు వస్తువులు జతపడాలనీ. అతను విన్నాడు. విని, తన సంగతి చెప్పాడు. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఎప్పుడూ చెప్పనిది. బళ్లో లెక్కల పీరియడ్ వస్తే అతనికి చెమటలు పట్టేవట. టెన్త్ లెక్కల్లో రెండుసార్లు తప్పి చదువు మానేశాడు. గొంతు బాగుందని ఉద్యోగం దొరికింది గానీ, లేకపోతే ఏమయ్యేవాడో తెలియదు. అందుకని కూతురికి భయం పుట్టకముందే అంకెలు నోట్లో పడిపోవాలనుకున్నాడు. నోట్లో ఉన్నదాన్ని చూసి ఎవరూ భయపడరు కదా అనుకున్నాడు.

"దానికి రాదని తెలియకపోతే ఎలా నేర్పుతామండీ?" అంది ఆమె.

"నువ్వు నేర్పడానికి అడిగావా, రాసుకోడానికి అడిగావా?"

అతను కాగితం నాలుగు మడతలు పెట్టి ఆమె చేతికే ఇచ్చేశాడు.

ఆ రోజు నించి అనౌన్సరు పిట్టని వందకి బయల్దేరమనలేదు. కోపం పిల్ల మీద కాదు. తను ఇన్నాళ్లూ నలుగురి ముందూ ఏం చూపించి మురిసిపోయాడో తలుచుకుంటే అతనికి సిగ్గేసింది. కాకి పిల్ల కాకికి ముద్దని జనం లోపల నవ్వుకున్నారేమో అనుకున్నాడు. పిట్టకి ఇదంతా ఏం తెలుస్తుంది? ఒకరోజు సాయంత్రం తండ్రి చెప్పులు విప్పుతుంటే, అడక్కుండానే ఎదురుగా నించుని చేతులు వెనక్కి కట్టుకుని మొదలుపెట్టింది. పద్నాలుగు దాకా వచ్చింది. "చాలమ్మా" అన్నాడు అతను తల దించుకునే. పిట్ట కాసేపు అలాగే నించుంది. తర్వాత కట్టుకున్న చేతులు విడదీసి లోపలికి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో ఆ పాట మళ్లీ ఎవరూ వినలేదు.

స్కూల్లో చేర్పించే రోజులొచ్చాయి. రెండు వీధుల అవతల ఉన్న స్కూలుకి మంచి పేరు. పిల్లనీ తల్లిదండ్రుల్నీ కూర్చోబెట్టి మాట్లాడాక చేర్చుకుంటారు. పెద్ద టీచరు నెమ్మదైన మనిషి. బల్ల మీద నాలుగు పెన్సిళ్లు పెట్టి, ఇవి ఎన్నో చెప్తావా అని నవ్వుతూ అడిగింది. పిట్ట పెన్సిళ్లకేసి చూడలేదు. కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగి తల్లి మొహం చూసింది.

ఆమె నవ్వుదామనుకుంది. ఏం ఫర్వాలేదు చెప్పమ్మా అన్నట్టు తల ఊపుదామనుకుంది. కానీ ఎదురుగా వస్తువులూ, ఒక ప్రశ్నా, తనకేసి చూస్తున్న పిల్లా ఉంటే ఆ మొహం దానంతటదే గోడైపోయింది. మూడేళ్ల అలవాటు. తన బుగ్గలు బిగుసుకోవడం తనకే తెలుస్తోంది, వదులు చెయ్యడం చేతకావడం లేదు. పిట్ట కళ్లు ఆ మొహం మీద ఈ చివరి నించి ఆ చివరికి వెతికాయి. కుర్చీ కింద నేల తడిసింది. పెద్ద టీచరు చూడనట్టే లేచి కిటికీ తెరిచి, తొందరేం లేదు, వచ్చే ఏడు తీసుకురండి అంది.

బయటికొచ్చాక అనౌన్సరు కూతుర్ని ఎత్తుకుని ముందు నడిచాడు. తడి గౌను అతని చొక్కాకి అంటుకుపోయింది. ఆమె సంచీ మోసుకుంటూ పది అడుగులు వెనక నడిచింది.

ఆ తర్వాత పిట్ట మేనత్త ఇంట్లోనే ఎక్కువ ఉండేది. పిలిస్తే గానీ ఇంటికి వచ్చేది కాదు. వర్షాలు మొదలయ్యాక ఒకరోజు సర్వే ఆగిపోయి ఆమె ముందే వచ్చేసింది. వదిన ఇంటి గుమ్మం దగ్గర గొడుగు దులపబోతూ, తలుపు సందులోంచి చూసింది.

వదిన మిషను ముందు కూర్చుని ఉంది. కుట్టు అయిపోయిన చొక్కాలు ఒడిలో. పిట్ట ఆవిడ కాళ్ల దగ్గర గుండీల డబ్బా ముందేసుకుని కూర్చుంది. వదిన దృష్టి సూదిలోకి దారం ఎక్కించడం మీదే ఉంది. పిల్లకేసి చూడ్డం లేదు. చూసినా ఆ కళ్లకి అంత దూరం ఆనదు.

"చిన్న చొక్కా" అంది వదిన. చెయ్యి కిందికి చాపింది.

పిట్ట డబ్బాలోంచి ఒక్కో గుండీ తీసి నేల మీద పేర్చింది. పెదవులు కదులుతున్నాయి గానీ బాణీ లేదు. ఒకటి తీసి మళ్లీ డబ్బాలో పడేసింది. మిగిలినవి ఎత్తి అత్త అరచేతిలో పెట్టింది. వదిన బొటనవేలితో తడిమింది.

"నాలుగే ఉన్నాయే. చిన్నదానికి అయిదని చెప్పానుగా."

"అయిదే. ఒకటి నీ వేలి కింద ఉంది."

వదిన వేలు ఎత్తి చూసుకుంది. "ఆఁ, ఉంది" అని కుట్టడం మొదలుపెట్టింది. మెచ్చుకోలేదు. పిట్ట కూడా మెప్పు కోసం ఆగలేదు. తర్వాతిది పెద్ద చొక్కానా అని అడుగుతూనే డబ్బాలో చెయ్యి పెట్టింది. పెద్ద చొక్కాకి ఏడు. మొదట్లో ఆరే ఇచ్చిన రోజులున్నాయని తర్వాత తెలిసింది. అప్పుడు వదిన ఆరూ కుట్టేసి, చివర్లో ఖాళీగా మిగిలిన కాజా రంధ్రంలో వేలు పెట్టి చూపించేది. పిట్ట ఇంకోటి తెచ్చి ఇచ్చేది. అంతే జరిగేది.

గుమ్మంలో ఆమెకి కళ్లు మసకబారాయి. మూడు నెలలుగా తను ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది ఇక్కడ, ఎవరూ చూడకుండా, జరిగిపోతోంది. ఆగలేకపోయింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్లి పిల్ల పక్కన కూలబడి, "ఎన్ని గుండీలు ఇచ్చావమ్మా అత్తకి?" అంది.

పిట్ట చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది. తల్లి మొహం చూసింది. "పది" అంది. ఇంకాసేపు చూసి, "ఇరవై?" అంది. గుప్పెట్లో ఉన్న గుండీల్ని డబ్బాలోకి జారవిడిచి మూత పెట్టేసింది.

వదిన పంటితో దారం తెంపింది. ఆవిడ మాటల్లో కోపం లేదు. "నువ్వొస్తే దానికి లెక్క రాదు అమ్మాయ్. ఇంకా ఆరు చొక్కాలున్నాయి. కాసేపు అలా బయట కూర్చో" అంది.

ఆమె బయటికి వచ్చి అరుగు మీద కూర్చుంది. చినుకులు కాళ్ల మీద పడుతున్నాయి. లోపల పని మళ్లీ మొదలవడానికి కొంతసేపు పట్టింది. తర్వాత పిట్ట గొంతు వినపడింది, ఏదో తెల్ల గుండీ పగిలిందని. ఆరు చొక్కాలయ్యేదాకా ఆమె కదల్లేదు.

ఆ వారంలోనే ఒకసారి, పిట్ట నిద్రలో ఉండగా, వదినని అడిగింది, ఎలా నేర్పావు వదినా అని. నేనేం నేర్పానమ్మా, నాకు కళ్లు కనపడవు, గుండీలు కావాలి, అది ఇస్తుంది అంది ఆవిడ. ఆ మాటలో ఏదో పద్ధతి ఉందేమో పట్టుకుని ఇంట్లో చేద్దామని ఆమె చాలాసార్లు ఆలోచించింది. తనకి నిజంగా అవసరమై పిట్టని అడిగేది ఏముంటుంది? పళ్లాలు ఎన్ని కావాలో తనకి తెలుసు. తెలిసి అడుగుతోందని పిట్టకీ తెలుసు.

భర్తకి చెప్పింది. అతను ఒకరోజు డ్యూటీ దిగి నేరుగా అక్క ఇంటి ఎదురు పేవ్‌మెంటు మీద నించుని కిటికీలోంచి చూసి వచ్చాడు. చూశానని మాత్రం చెప్పాడు. ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. ఇంట్లో ఎవరూ పిట్టని ఏ లెక్కా అడగకూడదని. ఆ ఒప్పందం ఇద్దరూ తప్పలేదు. వాళ్లిద్దరి మధ్య మిగిలినవాటిలో గట్టిగా నిలిచింది అదొక్కటే. అతను ఎప్పుడూ ఆ కాగితం ఊసెత్తలేదు. కానీ పెన్ను కావాలంటే పక్కింటికి వెళ్లి అడిగేవాడు గానీ ఆమె సంచీలో చెయ్యి పెట్టేవాడు కాదు.

సంస్థలో ఆమెకి పై ఉద్యోగం ఇచ్చారు. కొత్తగా చేరే అమ్మాయిలకి శిక్షణ ఇవ్వడం. పిల్లల ఎదుట కూర్చునే పని తప్పుతుందని ఒప్పుకుంది. మొదటి విడతలో పన్నెండుమంది. మొహం ఎలా పెట్టాలో చూపించమంటే చూపించింది. ఇంట్లో మా పిల్లల మీద ప్రాక్టీసు చేసుకోవచ్చా మేడమ్ అని ఒకమ్మాయి అడిగింది. వద్దు అంది. ఎందుకని అడిగితే, నియమం అని చెప్పింది. అలాంటి నియమం ఎక్కడా లేదు.

మరుసటి ఏడు పిట్టని పరీక్షలు పెట్టని ఒక మామూలు స్కూల్లో వేశారు. అక్కడ లెక్కలు బాగానే చేస్తుందని టీచరు అంది. మాట్లాడదు గానీ చేస్తుంది అంది. పిట్ట లెక్కల పుస్తకం అత్త ఇంట్లోనే ఉండేది. ఎప్పుడైనా ఇంటికి తెస్తే బల్ల మీద బోర్లా పెట్టేది. ఆమె దాన్ని ఎన్నడూ తిరగేసి చూడలేదు.

రెండో ఏడు వదిన రెండో కంటికి ఆపరేషన్ చేయించుకుంది. అదీ సరిగ్గా కుదరలేదు, ఉన్న చూపు కూడా తగ్గిపోతూ వచ్చింది. యూనిఫారాలు మానేసింది. మిషను అమ్మేసి, దూరాన ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లే రోజు పిట్ట ఏడవలేదు. స్టేషన్ నించి వచ్చి లెక్కల పుస్తకం ఎక్కడ దాచుకోవాలా అని ఇల్లంతా తిరిగి చూసింది. చివరికి బీరువా వెనక పెట్టుకుంది.

ఇప్పుడు పిట్టకి ఏడేళ్లు. ఆదివారం మధ్యాహ్నాలు ముందుగదిలో కూర్చుని ఫోన్‌లో అత్తతో మాట్లాడుతుంది. అత్తకి ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏం కనపడదు. ఆవిడ అడుగుతుంది, వీధిలో ఏమున్నాయే చెప్పు అని. పిట్ట కిటికీ ఊచలు పట్టుకుని చెప్తుంది. తీగ మీద తొమ్మిది కాకులున్నాయి, రెండు ఎగిరిపోయాయి, ఇంక ఏడు. ఎదురింటివాళ్లు పదకొండు బట్టలు ఆరేశారు, అందులో నాలుగు తువ్వాళ్లు. గొంతు నిబ్బరంగా, గుండ్రంగా, అచ్చం తండ్రి గొంతులా ఉంటుంది.

ఇల్లు చిన్నది. వంటగదిలో ఉన్నా అన్నీ వినపడతాయి. తను వింటున్నానని తెలిస్తే ఆ గొంతు ఆగిపోతుందని ఆమెకి తెలుసు. అందుకని కాకుల దగ్గర మొదలవగానే, కడగాల్సిన గిన్నెలు లేకపోయినా, కుళాయి విప్పి వదిలేస్తుంది.